ఒక్కొక్కరికి ఎనిమిది

నా చేతిలో ఉన్నది పదహారు కోర్ల, అంటే పదహారు సీపీయూల సర్వర్ ఒక్కటే. దాన్ని ఎవరికి వారికి సొంత కంప్యూటర్‌లా కనిపించే వర్చువల్ మెషీన్లుగా విడగొట్టి పదిమందికి అద్దెకిచ్చాను. ఒక్కొక్కరికి ఎనిమిది సీపీయూలని చెప్పాను. అందరూ ఒకేసారి వాడరు కదా అన్నది నా లెక్క.

ఆ ఉదయం అందరూ ఒకేసారి వాడారు. ఆ పదిమందిలో మా వదిన ఒకరు; పిల్లలకు ఆన్‌లైన్ పరీక్షలు పెట్టే ఆమె సైటు సగంలో ఆగిపోయింది. నేను వెళ్లేసరికి ఆమె తన ప్రోగ్రామర్ మీద విరుచుకుపడుతోంది.

"మా మరిది ఎనిమిది సీపీయూలు ఇచ్చాడు. అంటే ఎనిమిది చేతులు! సైటును ముక్కలు చేసి సర్దిన నీ కంటైనర్లతో ఒక్క చేయీ ఆడించలేకపోయావు. రేపటినుంచి రాకు."

"మొన్నటిదాకా బాగానే నడిచాయి మేడమ్," అంది ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ. "తప్పు ఎక్కడ చేశానో నాకే తెలియట్లేదు."

వదిన నావైపు తిరిగింది. "ఏమనుకోకు మరిదీ, మావల్ల నీ సర్వర్‌కు చెడ్డపేరు. ఇంకో నాలుగు పెంచు."

సరేనంటే బేరం కుదిరినట్టే. కానీ పెంచడానికి నా దగ్గర ఏముంది? ఆ అమ్మాయి బ్యాగు సర్దుకుంటోంది.

"తప్పు ఆ పిల్లది కాదు వదినా," అన్నాను. "అసలు ఉన్నవి పదహారే. వాటినే అందరికీ ఎనిమిదేసి అని చెప్పి ఇచ్చాను."

"మాక్కూడానా?"

"మీక్కూడా," అన్నాను.

"నువ్వు కూర్చోమ్మా," అంది వదిన ఆ అమ్మాయితో. నన్ను మాత్రం కూర్చోమనలేదు.

సాయంత్రానికల్లా వాళ్లు వేరేవాళ్ల సర్వర్‌కు మారిపోయారు. వాళ్లు ఖాళీ చేసిన ఎనిమిదినీ మళ్లీ ఎవరికీ అద్దెకివ్వలేదు. ఆ రోజు నాకు మిగిలిన నిజాయితీ అంతే.