కోడి తీర్పు

"చచ్చిందా, బతికిందా?" మంచం మీంచి లేవకుండానే కేకేసింది టాన్ ఎంగ్రాసియా. పెద్దావిడ గనక ఊరంతా ఆమెను 'టాన్' అనే పిలుస్తారు.

కోడలు ఫెలీసా గుండె చిక్కబట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది. సీమపనస చెట్టు మొదట్లో కట్టేసిన ఎర్రకోడి తాడు లాగుతూ మట్టి గీరుతోంది.

"బతికే ఉంది అత్తయ్యా!" అని అరిచి, అక్కడే కూలబడి ఏడ్చేసింది.

ఏడుపు రాదా మరి! తుఫాను ఇంటి కప్పు ఎగరేసుకుపోయింది. దీవికి పిండి తెచ్చే ఓడ జాడ లేదు. చూస్తే ఇవాళే పసిదానికి జ్ఞానస్నానం. ఇనలాహన్ ఊరంతా భోజనానికి వస్తుంది. టిటియాస్ రొట్టెలు లేకుండా విందంటే ఆ ముసలమ్మ ప్రాణం పోయినా ఒప్పుకోదు. ఇక మిగిలింది అడవిలోని ఫాదాంగ్ గింజలే. వాటి నిండా విషం! పల్చగా తరిగి, రోజుల తరబడి నానబెట్టి, నీళ్ళు మారుస్తూ ఉంటేనే తిండి, లేకపోతే పాడె. ఇన్నేళ్ళూ ఆ పని ఎంగ్రాసియాదే. ఈసారి కళ్ళకు పొర కమ్మి, కోడలికి అప్పగించింది. అయినా ఆ ఇంటి ఆచారం మాత్రం వదల్లేదు. చివరిసారి కడిగిన నీళ్ళు సాయంత్రం కోడికి పట్టాలి. తెల్లారేసరికి కోడి నిలబడి ఉంటే పిండి పొయ్యి మీదికి, లేకపోతే గోతిలోకి.

ఫెలీసా బళ్ళో సైన్సు చెబుతుంది. నిన్న కోడికి నీళ్ళు పడుతూ ఊరుకోలేకపోయింది.

"దీనికేం తెలుసు అత్తయ్యా? గింజ నిండా కణాలుంటాయి. ఒక్కో కణానికి సన్నటి పొర. లోపల విషం ఎక్కువ, బయట నీళ్ళలో తక్కువ. ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి అది పొర దాటి వచ్చేస్తుంది. రెండు వైపులా సమానమైతే ఆగిపోతుంది. అందుకే నీళ్ళు మార్చాలి."

"ఓహో! ఇల్లు కిక్కిరిస్తే జనం వాకిట్లోకొచ్చి కూర్చున్నట్టు. వాకిలీ నిండితే ఇంకెక్కడికి పోతారు?"

"అచ్చం అంతే!"

"బాగానే ఉంది. కానీ మీ పొరల్ని నేను చూళ్ళేదమ్మాయ్. చచ్చిన కోడిని చూశాను. తాగించు."

"మా ఆవిడ చదువు ముందు నీ కోడెంతమ్మా!" అని నవ్వాడు గొంజాలో. "పాపం, ముసల్ది. తుఫాను దెబ్బకే సగం చచ్చింది."

"ముసలిదైతే నీకేంరా? దాని పోలికతోనే పుట్టిన ఎర్రపిల్లలన్నీ మలెస్సోలో మీ అక్క ఇంట్లో గుడ్లు పెడుతున్నాయి. ఇదేమో రెండేళ్ళుగా ఒక్క గుడ్డు పెట్టకుండా కూర్చుని తింటోంది. ఈ పనైనా చెయ్యనీ."

ఫెలీసా భయానికి ఇంకో కారణం ఉంది. రేకుల కోసం తను రోజంతా వరసలో నిలబడ్డ నాడు నీళ్ళు మార్చే పని మొగుడికి అప్పజెప్పింది. సాయంత్రం వచ్చి, "మార్చావా?" అంటే, కప్పు మీంచి, నోట్లో మేకులతో, "ఊఁ" అన్నాడు. ఆ 'ఊఁ' రాత్రంతా ఆమెను నిద్రపోనివ్వలేదు.

ఇప్పుడు కోడి బతికింది. ఆ బరువు దిగిపోయింది. ప్రేమగా నిమరబోతే కోడి బెదిరి ఎగిరింది. "చేదు నీళ్ళు తాగించానని కోపమా తల్లీ!" అని కళ్ళు తుడుచుకుంది.

వాకిట్లో గొంజాలో అప్పటికే వచ్చి జీపులోంచి బస్తా దింపుతున్నాడు. తెల్లారకముందే మలెస్సో వెళ్ళి, అక్క ఇచ్చిన కొబ్బరికాయలు వేసుకొచ్చాడట.

"ఇంకా కూర్చున్నావేం? పిండి కలుపు!" అని తొందరపెట్టాడు.

పెనం మీద రొట్టెలు పొంగాయి. చర్చి నుంచి జనం ఆకలితో వచ్చిపడ్డారు. మొదటి రొట్టె గొంజాలోయే లాక్కున్నాడు. అందరికంటే ఎక్కువ లాగించిందీ అతనే. ఫాదర్ కూడా మొహమాటం లేకుండా మళ్ళీ అడిగి వేయించుకున్నాడు.

"నువ్వూ కూర్చోవే. పాలిచ్చే తల్లివి, కడుపు నిండా తిను" అని ఎంగ్రాసియా కోడలి పళ్ళెం నింపింది. ఫెలీసా తిన్నది. పసిదానికి పాలిచ్చింది. ఆ నెలలో అంత తృప్తిగా ఆమె ఊపిరి పీల్చుకున్న పూట అదే.

మధ్యాహ్నం మెతుకులు వేద్దామని పెరట్లోకి వెళ్ళిన ముసలమ్మ కెవ్వుమంది. అందరూ లేచారు.

"గుడ్డు! గుడ్డు పెట్టిందర్రా ముసల్ది!" వెచ్చటి గుడ్డు అరచేతిలో పెట్టుకుని గంతులేసినంత పని చేసింది. "రెండేళ్ళ తర్వాత! ఇక దీన్ని చచ్చినా కొయ్యను!"

"ఫాదర్ దీవెన!" అన్నారెవరో. పెరడంతా నవ్వులు.

గొంజాలో ఒక్కడే నవ్వలేదు. గోడకి ఆనుకుని, ఒక చేత్తో కడుపు అదిమి పట్టుకున్నాడు. నుదుటి నిండా చెమట.

"ఏమైంది?" పిల్లను భుజాన వేసుకుని దగ్గరికొచ్చింది ఫెలీసా.

"నువ్వే అన్నావుగా... కోడికేం తెలుసని... నీళ్ళు మారిస్తే చాలని..."

"అవును. మార్చావుగా?"

అతను తల్లి చేతిలోని గుడ్డు వంకే చూస్తున్నాడు. ఫెలీసా పసిదాన్ని గట్టిగా అదుముకుంది.

"గొంజాలో, మార్చావుగా?"

"మన కోడి తెల్లారకముందే చచ్చిపోయింది, ఫెలీసా."