సైగల్లో నాన్న పేరు

నోరుండగా ఈ చేతులెందుకు? నూరేళ్లనాటి బధిరుల బడి మెట్లెక్కుతున్నంతసేపూ ఆ తండ్రి బుర్రను అదే తొలిచేస్తోంది. తను కూతుర్ని ఇంట్లో కూర్చోబెట్టి నేర్పిన పది మాటల్నీ ఈ హాస్టల్ మింగేసింది.

వంటగది గుమ్మంలో అతని కూతురు, వంటమనిషికి చేతులు తిప్పుతూ ఏదో చెప్పి పడీపడీ నవ్వుతోంది. తనతో ఒక్కనాడైనా అలా నవ్విందా? ఒళ్లు మండిపోయింది. వెళ్లి ఆ చేతులమీద ఒక్కటిచ్చాడు.

"నోటితో చెప్పు!"

పిల్ల చేతులు వెనక్కి దాచుకుంది.

"ఇంకోసారి కొడితే నా గరిటె తిరగబడుతుంది," అంది వంటమనిషి.

"నా కూతురు, నా ఇష్టం. మధ్యలో నువ్వెవరు?"

"ఇక్కడ అందరికీ సైగల్లో పేర్లుంటాయి బాబూ. బుగ్గమీది మచ్చ చూపిస్తే నేను. మీకూ ఉంది. మీ అమ్మాయే పెట్టింది."

"ఏంటది?"

ఆమె తన ఎడమచేతిమీద కుడిచేత్తో ఫట్టున చరుచుకుంది. "మీరొస్తున్నారని చెప్పాలంటే బడి మొత్తం ఇదే చేస్తుంది."

అతని ఒంట్లో మంట తగ్గలేదు. కానీ దాన్ని కుమ్మరించడానికి ఇక వంటమనిషి పనికిరాలేదు.

కూతురి ముందు మోకాళ్లమీద కూర్చున్నాడు. తన చేతిమీద తనే గట్టిగా చరుచుకుని, వేలితో తన గుండెను చూపించుకున్నాడు.