పట్టీ బిగించే ముందు

“తాళి తీసెయ్యమ్మా,” అన్నాడు పెంచలయ్య.

వినీల భర్త వైపు చూసింది. సుకుమార్ కొంచెం దూరంలో ఫోనుతో సముద్రాన్ని వీడియో తీస్తున్నాడు. ఇద్దరూ కోవూరు నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చారు. పెళ్లయి నెలన్నర. పారాచూట్‌లో భార్య ఎగురుతుంటే అందరికీ చూపించాలని అతని సరదా. ఎగరాలని ఆమెకూ ఉంది.

ఇసుకలో జీపు సిద్ధంగా ఉంది. జీపు వెనక పొడుగాటి మోకు, దాని చివర పారాచూట్. మనిషి ఒంటికి పట్టీలు బిగించి, భుజాల దగ్గర కొక్కేలు తగిలించే పని పెంచలయ్యది. అరవై దాటాయి. ఒకప్పుడు సంగంలో వరి పండించినవాడు. ఎవరితోనూ నవ్వి మాట్లాడడు.

బిగించే ముందు అందరికీ ఒకటే పాఠం చెబుతాడు. దిగేటప్పుడు కాళ్లు కర్రల్లా చాపితే చీలమండ విరుగుతుంది. ఎడం చేస్తే మోకాలు తిరుగుతుంది. భయపడి చెయ్యి నేలకు ఆనిస్తే మణికట్టు పోతుంది. కూలబడితే నడుము. రెండు కాళ్లూ జోడించి, మోకాళ్లు కాస్త వంచి, పక్కకు దొర్లాలి. ఆడవాళ్లయితే గాజులు, మెట్టెలు, మెడలో ఉన్నవన్నీ తీసేయాలి.

గాజులు తీస్తారు. మెట్టెలూ తీస్తారు. మెడ దగ్గరికి వచ్చేసరికి గొడవ. ఈ నెలలోనే నలుగురు తిట్టి వెళ్లిపోయారు. ఈ ముసలాయన్ని పనిలోంచి తీసెయ్యమని రెండేళ్లుగా జీపు నడుపుతున్న మౌలా చాలాసార్లు చెప్పాడు. యజమాని కిషోర్ బాబు వినలేదు.

వినీల గాజులు తీసి సంచిలో వేసింది. మెడలోని పసుపుతాడు మీద చెయ్యి వేసి ఆగిపోయింది.

సుకుమార్ దగ్గరికొచ్చాడు. “ఏంది పెద్దాయనా, ఏం తియ్యమంటుండావు?”

“తాళి. దిగినాక నువ్వే కడుదువులే.”

రవిక లోపలికి దోపి పైన ప్లాస్టర్ అంటిస్తే సరిపోతుంది కదా అన్నాడు సుకుమార్. వేరే చోట్ల అట్లాగే పంపుతున్నారన్నాడు. పెంచలయ్య ఒప్పుకోలేదు. జీపు లాగిన క్షణంలో పట్టీలన్నీ పైకి జరుగుతాయనీ, కొక్కెం మెడ పక్కకు వచ్చేస్తుందనీ చెప్పాడు.

“అందులో పడితే తెగేది తాడు కాదబ్బయ్యా. చీలమండ అతుక్కుంటది. మణికట్టు అతుక్కుంటది. మెడ అతకదు.”

“మొగుడు పక్కన నిలబడుండగా తాళి తియ్యమంటావే, నీ నోట్లో మంచి మాటే రాదా? నీ పెళ్లాం మెడలోది ఎప్పుడన్నా తీయించినావా?”

“లేదు.”

“మరి? నీ ఇంటికో న్యాయం, మాకో న్యాయమా?”

పెంచలయ్య వంగి కొక్కేలు చేతిలోకి తీసుకున్నాడు. సుకుమార్ పక్కనే నిలబడ్డ కిషోర్ బాబు వైపు తిరిగి ఇంకో మనిషిని పిలవమన్నాడు. ఇక్కడ బిగించేది ఆయనేననీ, ఆయన కాదంటే కాదనీ కిషోర్ బాబు చెప్పాడు.

సుకుమార్ పట్టీలు లాక్కుని తనే భార్యకు తొడిగాడు. కొక్కేలు మాత్రం దొరకలేదు. రెండూ పెంచలయ్య గుప్పిట్లో ఉన్నాయి. వేళ్లు విడదీయబోతే రాలేదు.

“పచ్చగా ఉండే ఆడదానికి అపశకునం పలుకుతావా,” అంటూ సుకుమార్ అతని చెంప మీద కొట్టాడు.

పెంచలయ్య చెయ్యెత్తలేదు. గుప్పిట విప్పలేదు.

వినీల పట్టీలు విప్పి ఇసుకలో పడేసింది. గాజుల సంచి తీసుకుని రోడ్డు వైపు నడిచింది. సుకుమార్ తిట్టుకుంటూ వెనకే వెళ్లాడు.

మౌలాకు ఒళ్లు మండింది. జీపు దిగి కిషోర్ బాబు దగ్గరికి వచ్చాడు. “అంత వయసాయన్ని కొడతా ఉంటే చూస్తా నిలబడితివే అన్నా. ఆయనన్నా ఒక్క మాట అనకపాయె. ఏం మనుషులు మీరు?”

కిషోర్ బాబు వంగి, ఇసుకలో పడ్డ పట్టీలు ఏరి దులిపాడు.

ఆరేళ్ల కింద ఇదే ఇసుకలో, తాళి తియ్యమన్నందుకు కిషోర్ బాబును చెంప మీద కొట్టి, తన భార్య వాణిని తాళితోనే పైకి పంపింది పెంచలయ్యే.