ఎందుకమ్మిండ్రు?

“అది చెప్పేదాంక పైసలు తియ్య,” అని బుచ్చయ్య జేబు మీద చెయ్యి పెట్టుకుని స్టూలు మీద బిగదీసుకు కూర్చున్నాడు.

దబీర్‌పురా స్టేషన్ దగ్గర పాత కంప్యూటర్లు అమ్మే జహంగీర్‌కి ఓపిక అడుగంటింది. కంప్యూటర్ స్రవంతికి నచ్చింది. ధర కుదిరింది. ఇక బిల్లు రాయడమే తరువాయి అనుకుంటే, ఆ పిల్ల తండ్రి ఒకే ప్రశ్న పట్టుకుని వేలాడుతున్నాడు.

“దీన్ని పాతోళ్లు ఎందుకమ్మిండ్రు?”

“ఎందుకమ్మితే నీకేంది చాచా? చల్తుందా లేదా చూస్కో. ఆరు నెలల వారంటీ నేనిస్తున్న.”

“చూసిన. గంట సేపు నడిపిచ్చిన.”

నిజంగానే నడిపించాడు. వెనక అరచెయ్యి ఆనించి వేడి చూశాడు. ఫ్యాన్ దగ్గర చెవి పెట్టి విన్నాడు. మూత తీయించి లోపల దుమ్ముందేమోనని వేలితో రాసి చూశాడు. ఏ తప్పూ దొరకలేదు. తప్పు దొరక్కపోవడమే ఆయనకు పెద్ద అనుమానమైంది.

“గౌలిపురల ముప్పై ఏండ్ల సంది బర్రెలు కొంటున్న భాయ్. పాలెన్ని ఇస్తదని అందరడుగుతరు. ఎందుకమ్ముతున్నవని అడిగినోడే మునగడు. మంచి బర్రెను ఉత్తగనే ఎవడమ్ముతడు?”

“బాపూ, ఇది బర్రె కాదు,” అంది స్రవంతి తల దించుకుని.

“నీకు తెల్వదు బిడ్డా, నువ్వూకో.”

ఊరుకోవడం ఆమె వల్ల కావడం లేదు. ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ మీట నొక్కితే, బుచ్చయ్య బర్రె పాలు పిండి, వాడకట్టంతా పోసి వచ్చినా తెరుచుకోదు. రెండేళ్లు ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరిగితే ఇప్పటికి ఒక ఉద్యోగం దొరికింది. ఇంటి నుంచి చేసుకునేదే. కానీ సోమవారం పొద్దున తొమ్మిదింటికి గట్టి కంప్యూటర్ ముందు కూర్చోకపోతే అది ఇంకొకరికి పోతుందని కంపెనీ మెయిల్‌లో రాసింది. ఇవాళ శనివారం. ఈ కంప్యూటర్ సరిపోతుందో లేదో ఒక్క మాట చెప్పమని ఆఫీసు మేడంకి ఫోటో పంపింది. ఒక్క టిక్కే పడింది.

“పొద్దున నా చుక్కబర్రెను కొన్నోడు గూడ అడిగిండు,” బుచ్చయ్య వదల్లేదు. “బిడ్డకు కొలువొచ్చింది, కంప్యూటర్ కొనాలె, లేకుంటే పాలిచ్చే బర్రెను నేనెందుకమ్ముత అని మొకం మీదనే చెప్పిన. పగ్గం తీసి వాని చేతుల వెట్టిన. పగ్గం చేతులు మారినంక మా దాంట్ల మాట మారదు. గందుకే ముందుగాలనే అన్ని అడుగుతం. నేను చెప్పినట్ల నువ్వు గూడ చెప్పు.”

“నీ బర్రె కథ నాకెందుకు చాచా! గిరాకీలు నిలబడ్డరు.”

బుచ్చయ్య వింటే కదా. కంప్యూటర్ డబ్బాను మళ్లీ ఒకసారి చుట్టూ తడిమాడు. ఎడమ పక్క ఆయన వేలు ఆగిపోయింది.

“గిదేంది? గీడ అంటిచ్చిన చీటీ ఏదో గీకి తీసిండ్రు!” అని లేచి నిలబడ్డాడు. “చెవి బిళ్ల పీకిండ్రంటే అది దొంగ బర్రె. నాకు దొంగ మాల్ అంటగడ్తున్నవా?”

ఆ మాటకు జహంగీర్ మొహం కందగడ్డయింది. పాత సామాన్లు అమ్మేవాడికి నిలబెట్టుకోవలసింది పేరొక్కటే. విసవిసా లోపలికి వెళ్లి పరదా లాగాడు. గోడ వారన అలాంటివే ముప్పై నలభై డబ్బాలు పేర్చి ఉన్నాయి. ఒకటి ఎత్తుకొచ్చి దబ్బున బల్ల మీద పెట్టాడు. దాని మీద చీటీ ఇంకా గీకలేదు.

“చూడు! కాగితాలతోని నిన్ననే వచ్చింది మాల్. ఒక్క మిషన్ ఖరాబ్ లేదు. కంపెనీ మునిగింది. గురువారం తాళమేసిండ్రు, మొత్తం ఒక్కసారే అమ్ముకున్నరు. మూతపడ్డ కంపెనీ మాల్ అంటే అపశకునం అని గిరాకీలు ఎనకకు పోతరు. గందుకే చీటీ గీకిన, గందుకే చెప్పలే. అయిందా? దిల్ ఖుష్?”

బుచ్చయ్య మొహం విప్పారింది.

“గీ ముక్క ముందే చెప్తే గింత లొల్లి ఎందుకుండె భాయ్? పశువుల దోషం లేదు, ఇల్లే చితికింది. గిసుంటి బేరం మల్ల దొరకదు బిడ్డా, కండ్లు మూసుకొని తీస్కోవచ్చు.”

నోట్లు తీసి, కళ్లకద్దుకుని, జహంగీర్ చేతిలో పెట్టాడు. కంప్యూటర్‌ను భుజానికెత్తుకునే ముందు బల్ల మీది రెండో డబ్బా వైపు చూసి జాలిపడ్డాడు. గెలిచినవాడికి జాలి తొందరగానే పుడుతుంది.

“పాపం, అండ్ల కొలువు చేసే పోరగాండ్లు ఏమైండ్రో. వాళ్లను నమ్ముకొని ఇండ్లల్ల ఎవ్వలేం అమ్ముకున్నరో. ఏం కంపెనీనే అది? జర ఆ చీటీ సదువు.”

స్రవంతి చీటీ చదివింది. ఫోన్ తీసి మెయిల్ చూసింది. మళ్లీ చీటీ చూసింది.

“ఏందే, ఇంగ్లీషు సదువరాదా?” నవ్వాడు బుచ్చయ్య.

“బాపూ... సోమవారం నేను చేరాల్సింది గీ కంపెనీలనే.”