రక్తంలో ఏముంది?

పదకొండో రోజు కూడా హువారి పనికి లేవలేదు.

ఖీరా తన కొడుకు గది గుమ్మంలో నిలబడి దుప్పటి వైపే చూసింది. పైకీ కిందికీ కదులుతోంది. అప్పటిదాకా బిగపట్టిన ఊపిరి వదిలింది. ఈ మధ్య రోజుకు ఐదారుసార్లు ఆమెకు ఇదే పని.

ఇరవై నాలుగేళ్ళవాడు. ఇళ్ళకు రంగులేసే పని. మొస్తగానెమ్ ఊళ్ళో రేవు పక్క మేడలకు రంగులేస్తూ, నాలుగో అంతస్తు నుంచి కింద పోయేవాళ్ళతో వేళాకోళాలాడేవాడు. అలాంటివాడు ఇప్పుడు ఒక చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని, మంచం మీదికి అలాగే ఒరిగిపోతున్నాడు. సాయంత్రం ఎలాగో ఈడ్చుకుంటూ కాఫీ కొట్టుకు వెళ్తే అక్కడా కునికిపాట్లే.

"మేస్త్రీ వేరే మనిషిని పెట్టుకున్నాడట," అన్నాడు తండ్రి మిలూద్. "వీడికి రోగమూ లేదు, పాడూ లేదు. ఒట్టి బద్ధకం."

"బద్ధకం కాదు నాన్నా," దుప్పటిలోంచే అన్నాడు హువారి. "లేవాలనే ఉంది. ఒంట్లో సత్తువ లేదు."

ముద్దముద్దగా వచ్చిన ఆ మాట విని ఖీరా వెళ్ళి అతని నుదురు తాకి చూసింది.

ఆ మధ్యాహ్నం పక్కింటి జొహ్రా వచ్చింది. ఆమె కొడుకు స్పెయిన్ పోతానని మే నెలలో దొంగపడవ ఎక్కాడు. ఈనాటికీ ఫోను లేదు, శవమూ లేదు.

"దిష్టేమో అక్కా. సాంబ్రాణి వేశావా?"

"వేశాను. గుక్కెడు సూపు తాగమంటే తల ఎత్తడు."

"మావాడితో పాటు తనూ పోతానని గంతులేశాడు కదూ అప్పుడు." జొహ్రా మంచం వైపు చూసింది. చాలాసేపు చూసింది. "పోనీలే. పడుకునైనా కళ్ళ ముందున్నాడు."

డాక్టరు దగ్గరికి పోదామని చివరికి పట్టుబట్టింది మిలూదే. ఇంకో నాలుగు రోజులు చూద్దామంది ఖీరా. ఏం వినాల్సివస్తుందోనన్న భయం ఆమెది. మిలూద్ వినలేదు.

డాక్టరమ్మ హువారి కళ్ళలోకి లైటు వేసి చూసింది. నాడి చూసింది. తర్వాత మిలూద్ వైపు తిరిగింది.

"బద్ధకం అంటూ నా దగ్గరికి తెచ్చినవాళ్ళలో నిజంగా బద్ధకస్తుణ్ణి ఒక్కణ్ణీ చూడలేదండీ. రక్తం తగ్గినా మనిషి ఇలాగే ఉంటాడు. థైరాయిడ్ వచ్చినా ఇలాగే. మనసు విరిగినా ఇలాగే. పైకి అన్నీ ఒకటే." హువారిని అడిగింది, "దేని మీదైనా ఆశ వదులుకున్నావా బాబూ?"

"లేదు డాక్టరమ్మా. ఆశ ఎక్కడికీ పోలేదు. ఒళ్ళే నాతో రానంటోంది."

ఆమె కాగితం మీద వరసగా అన్ని పరీక్షలూ రాసింది. ఖీరా తలగుడ్డ అంచు వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"రక్తంలో అంతా తెలిసిపోతుందా డాక్టరమ్మా?"

"చాలావరకు తెలుస్తుంది. ఎందుకమ్మా అంత భయం? ఏదున్నా ముందే తెలియడం మంచిదేగా."

సూది గుచ్చేటప్పుడు ఖీరా గోడ వైపు తిరిగిపోయింది.

ఫలితాలకు ఐదు రోజులన్నారు. ఆ ఐదు రోజులూ ఆమెకు ముద్ద దిగలేదు. ఫోను మోగితే ఉలిక్కిపడేది. నమాజు చాప మీద నుదురు ఆనించి ఒకటే వేడుకుంది: "అల్లాహ్, ఆ రక్తంలో ఏమీ కనబడనివ్వకు."

ఆరో రోజు సాయంత్రం మిలూద్ తలుపు తోసుకుని ఇంట్లోకి వచ్చాడు. అతను చేతిలోని కాగితం బల్ల మీద విసిరికొట్టాడు.

"రక్తం బాగుందట. థైరాయిడ్ బాగుందట. మత్తుబిళ్ళలు మింగుతున్నాడట నీ కొడుకు!"

హువారి గోడ పట్టుకుని లేచాడు. "ఖురాను మీద ఒట్టు నాన్నా. నేను ఒక్కటీ మింగలేదు."

"మరి నీ రక్తంలోకి ఎగిరొచ్చి పడ్డాయా?"

చెంప పగిలేలా కొట్టాడు. మళ్ళీ చెయ్యెత్తాడు. ఖీరా అడ్డం వచ్చింది. ఆ దెబ్బ ఆమె భుజానికి తగిలింది. మిలూద్ తలుపు ధడాలున వేసి బయటికి పోయాడు.

హువారి నేల మీద కూలబడ్డాడు. దెబ్బకు కాదు.

"అమ్మా, నేను వేసుకోలేదు. కానీ ఉన్నాయంటున్నారు. నాకు తెలియకుండా నేనే ఏదైనా చేస్తున్నానా? నాకు పిచ్చి పడుతోందా?"

"ఛ, అవేం మాటలు కన్నా!"

"నువ్వైనా నమ్ముతావా?"

ఖీరా అతని మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆమె కళ్ళు ధారలు కడుతున్నాయి.

"నమ్ముతాను. నువ్వు వేసుకోలేదు. నాకు తెలుసు."

హువారి కళ్ళు తుడుచుకున్నాడు. "అయితే ఆ కాఫీ కొట్టు దగ్గరే ఎవడో కలుపుతున్నాడు. ఇక బయట మంచినీళ్ళు కూడా ముట్టను. నీ చేత్తో ఇచ్చిందే తాగుతాను."

ఆమె తలూపి, లేచి, వంటింట్లోకి నడిచింది.

ఈ వారమంతా సముద్రం నెమ్మదిగా ఉంటుందని, చిన్న పడవలకు కూడా ఇబ్బంది లేదని ముందు గదిలో టీవీ చెబుతుంటే, ఖీరా తన కొడుకు కాఫీలో ఎప్పటిలా ఒక నిద్రమాత్ర కాకుండా రెండు వేసి, కరిగేదాకా కలిపింది.