ఫ్లెక్సు గౌను

రోజమ్మ కత్తెర ఫ్లెక్సు మీది మొక్క బొమ్మ పక్కనుంచి సర్రున పోయింది. కలకత్తా పక్కన లిలువా రైల్వే క్వార్టర్సులో ఆ చిన్న ముందుగది నిండా ఫ్లెక్సు బ్యానరు పరుచుకుని ఉంది. కాలు పెట్టే చోటు లేదు.

గుమ్మంలోనే ఆగిపోయింది కూతురు జూలీ. “బాప్‌రే! అమ్మా, ఇదేటి? మా యూనివర్సిటీ ఫ్లెక్సు కదా!”

“కేంటీన్ వెనకాల కుప్పలో పడుంది. తెచ్చీసాను.”

“తెచ్చి?”

“గౌను కుడతన్నాను. రేపు కాన్వొకేషన్‌కి.”

జూలీ బ్యానరు అంచు ఎత్తి చూసింది. మొన్న హరిత వారోత్సవమని ఆ బ్యానర్లని దగ్గరుండి కట్టించింది తనే. ‘ప్లాస్టిక్ లేని క్యాంపస్ మనది’ అని ఇంతేసి బెంగాలీ అక్షరాలు. రాసిందేమో ప్లాస్టిక్ మీద! అంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ అది తట్టలేదు. వారోత్సవం అయిపోయింది, బ్యానర్లన్నీ చెత్తకుప్పలోకి పోయాయి.

“యూనివర్సిటీ ఇచ్చే గౌనే వెయ్యాలమ్మా. రూలు.”

“ఏటి రూలు? ఏటేటా కొత్త పాలిస్టరు గౌన్లు, ఒక్కోదానికీ ఒక ప్లాస్టిక్ కవరు. ఓ పూట ఫొటోలు దిగడం, పారీడం. పోయినేటివి స్టోరు రూములో ఎలకలు కొరుకుతున్నాయి. అవి ఉతికి వాడండ్రా బాబూ అంటే ఒక్కడైనా ఇన్నాడా? ఆళ్ళ చెత్త ఆళ్ళకే చూపిస్తాను. కదలకుండా నిలబడు, వీపు మీద పెట్టి చూడాలి.”

జూలీ నిలబడింది. ఆ ఇంట్లో ఎవరి బట్టలు కుట్టినా కొలతకి నిలబడడం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటే.

“డిగ్రీ ఇవ్వకపోతేనో? రెండేళ్ళు లోకల్ రైల్లో నలిగి చదివిన చదువు గంగలో కలిపేస్తావా?”

“ఇవ్వకపోతే మానీమను. చదివింది బుర్రలోంచి లాక్కుంటారేటి?”

“మరి నా సంగతి? నా బతుకేటవుద్ది?”

కత్తెర ఆగింది. రోజమ్మ కూతురి ముఖంలోకి చూసింది. జాలేసింది. అయినా పట్టు వదిలే మనిషి కాదు. మెటియాబ్రుజ్ దర్జీల దగ్గర ఏరికోరి తెచ్చుకున్న లావుపాటి సూదిలోకి దారం ఎక్కించింది.

“నీకంత భయమైతే, రేపు నన్నెరగనట్టే ఉండు” అంది.

మర్నాడు హాలు గుమ్మం దగ్గర రోజమ్మ సంచిలోంచి గౌను తీసి దులిపింది. పరపరమని ఒకటే చప్పుడు. వరసలో నిలబడ్డ కుర్రాళ్ళు ఈలలు వేశారు. కార్యక్రమం చూసుకుంటున్న ఆఫీసరు జయంత్ పరిగెత్తుకొచ్చాడు.

“మాశీమా, ఇది లోపలికి రాకూడదు. క్యాంపస్‌లో ప్లాస్టిక్ నిషేధం!”

రోజమ్మ గౌను వెనక్కి తిప్పి పట్టుకుంది. వీపు మీద ‘ప్లాస్టిక్ లేని క్యాంపస్ మనది’. దాని కింద యూనివర్సిటీ ముద్ర.

“నిషేధమైతే మరి ఇది కట్టిందెవరు బాబూ?” అని నిక్షేపంగా బెంగాలీలోనే అడిగింది.

కుర్రాళ్ళు ఘొల్లున నవ్వారు. జయంత్ ముఖం మాడిపోయింది. కోపమంతా జూలీ మీదికి తిరిగింది.

“జూలీ, నువ్వైనా చెప్పు! ఈ గౌనుతో అయితే పేరు పిలవడం కుదరదు. పైనుంచి ఆర్డరు. తర్వాత నన్ననుకోవద్దు.”

“జయంత్ దా, అది కాదు...” జూలీ ఏదో సర్దిచెప్పబోయింది.

“పిలిచేదాకా ఇక్కణ్ణుంచి కదల్ను” అంది రోజమ్మ, గౌను చేతి మీద మడతేసుకుని.

జూలీ లోపలికి పోయింది. పేర్లు మొదలయ్యాయి. పేరు వినబడగానే ఒక నల్ల గౌను మెట్లెక్కుతోంది, చిరునవ్వుతో డిగ్రీ అందుకుని దిగిపోతోంది. చప్పట్లు మోగుతున్నాయి. జూలీ తలెత్తి చూసింది. దూరంగా గుమ్మంలో తల్లి అలాగే నిలబడి ఉంది. స్టేజి పక్కనుంచి జయంత్ జూలీకేసి చూసి, వద్దన్నట్టు వేలు ఆడించాడు.

నన్నెరగనట్టే ఉండు. ఆ మాట పొద్దుట్నుంచీ జూలీకి కలుక్కుమంటూనే ఉంది. ఎంత మాటంది! అంత పిరికిదాన్నా నేను?

ఆ యూనివర్సిటీలో ఆరేళ్ళుగా గుమస్తా ఉద్యోగం చేస్తూ, ఆ రోజు డిగ్రీలు అందుకునేవాళ్ళ పేర్లు చదివే పనిలో ఉన్న జూలీ, మైకు నోటి దగ్గరికి లాక్కుని హాలు దద్దరిల్లేలా పిలిచింది: “ఎమ్మే చరిత్ర, ఫస్టు క్లాసు, బొంతు రోజమ్మ, మా అమ్మ!”