పాప దగ్గు

“మందు మార్చండి డాక్టరుగారూ. మీరిచ్చిన దగ్గుమందు ఒకటే, మంచినీళ్ళు ఒకటే!” అంది నాయనమ్మ, మనవరాలిని బల్లమీద కూర్చోబెడుతూ. “మూడేళ్ళు నిండొస్తున్నాయి, నోట్లోంచి ఒక్క మాట లేదు. పొద్దస్తమానం గొంతు గీరుకుపోయేలా ఈ దగ్గొకటి.”

డాక్టరు పాప చెవులు, గొంతు, ఛాతీ మళ్ళీ చూశాడు. ఏ లోపమూ లేదన్నాడు.

“ఇంట్లో పాపతో ఎవరు మాట్లాడతారు?”

“నెల కిందట నేనొచ్చాక, నేనే. అంతకుముందు ఎవరున్నారు? వీళ్ళకి వీళ్ళ గోలే సరిపోతుంది.”

గోడవారగా నిలబడ్డ కొడుకు, కోడలు నేలచూపులు చూశారు.

“ఏం గోల?”

“క్లింగానట! టీవీలో వేరే గ్రహంవాళ్ళు మాట్లాడే భాషట. పెళ్ళికి ముందు ఇద్దరూ ఒకే క్లాసులో నేర్చుకున్నారు. మనుషుల భాషలు చాల్లేదు కాబోలు!”

“ఏదో సరదాకి,” అన్నాడు కొడుకు ఇబ్బందిగా.

“సరదా నీకు, తలనొప్పి నాకు! ముద్దుగా మాట్లాడుకున్నా కొట్టుకుంటున్నట్టే ఉంటుంది డాక్టరుగారూ. పక్కింటివాళ్ళు తలుపు బాదారు. దాంతో వాక్యాలన్నీ కుదించి పొడి అక్షరాలు చేసుకున్నారు. వాటి వెనక అర్థం వాళ్ళిద్దరికే తెలుసు. అన్నం దగ్గర వీడు ‘ఖ్వ’ అంటాడు, అమ్మాయి ‘ట్ల’ అంటుంది, ఇద్దరూ కంచాలు వదిలేసి లేచి వెళ్ళిపోతారు. ఏమిట్రా అంటే, కూర బాగుందనుకున్నాం అంటాడు. కూర బాగుంటే కంచం వదిలేస్తారా ఎవరైనా?”

కొడుకు విసుగ్గా కోడలివైపు తిరిగి గొంతులోంచి ఓ చిన్న శబ్దం చేశాడు. ఆమె పళ్ళు బిగించి, అదే శబ్దం తిరిగి అతని మొహానే విసిరింది.

“చూశారా? మీ ముందు కూడా మొదలెట్టారు! వీళ్ళతో వేగలేక చస్తున్నాను.” నాయనమ్మ తల పట్టుకుంది.

పాప ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. బల్లమీంచి ముందుకు వంగి తల్లి చెయ్యి ఒకటి, తండ్రి చెయ్యి ఒకటి పట్టుకుంది. మెడ సాచి అదే శబ్దం చేసి, దాని చివర తనదిగా ఇంకో చిన్న శబ్దం కలిపింది.

“అదిగో, మళ్ళీ దగ్గు! ముందు దీనికి మందు రాయండి బాబూ.”

కొడుకు మొహం పాలిపోయింది. కోడలు పాపను గుండెలకు హత్తుకుని వెక్కుతూ, “అది దగ్గు కాదత్తయ్యా,” అంది.

“మరేమిటే?”

“‘విడిపోవద్దు’ అంటోంది.”